కొత్త 5జీ ఫోన్‌ల ఊర్లో సిగ్నల్ వస్తలేదు: మార్చాల్సింది ఫోనా, సిమ్మా?

తమ్మీ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఉద్యోగం హన్మకొండల, సొంతూరు ఏటూరునాగారం దిక్కు. ఐదేండ్ల పాత 4జీ ఫోన్‌ల ఊర్లో రెండు మూడు గీతలన్నా వచ్చేవి. దసరాకు కొత్త 5జీ ఫోన్ కొని అదే సిమ్ వేసినవ్. హన్మకొండల బ్రహ్మాండంగ నడుస్తుంది, ఊరికి పోతే ఇంట్ల 'నో సర్వీస్'. మీ బావేమో దోహా నుంచి ఐఫోన్ 17 తెస్తనంటుండు, దాంట్ల సిమ్ పెట్టే ట్రేనే లేదట. ఫోన్ మార్చాలా, సిమ్ మార్చాలా, ఐఫోన్‌కు ఊ అనాలా?

సూటిగ చెప్తున్న: ఇప్పుడే ఫోన్ మార్చకు. ముందు మీ ఊరి టవర్‌కు, నీ సిమ్‌కు, నీ ఫోన్‌కు పొత్తు కుదురుతుందో లేదో చూడు. బావ తెచ్చే ఐఫోన్ తీసుకో, కానీ బ్యాంకుకు ముడిపడ్డ నంబర్‌ను మాత్రం దాంట్లకు ఎక్కించకు. ఎందుకో కింద చెప్త.

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర పద్దెనిమిదేండ్లుగ ఫోన్లు బాగుచేస్తున్న. 'సిగ్నల్ వస్తలేదు' అని వచ్చిన ఫోన్లల్ల సగానికి పైగ నేను తెరవకుండనే తిప్పి పంపిన. ఫోన్‌ల తప్పు ఉండదు, టవర్‌ల కూడా ఉండదు. ఇద్దరికీ జత కుదరదు. నువ్వు ఏ కంపెనీ సిమ్మో, ఏ ఫోనో రాయలే. అందుకే సమాధానం పొడుగైతుంది, ఓపిక పట్టు.

మొదటి పని: రెండు ఫోన్లూ ఊరికి తీస్కపో. అదే సిమ్, అదే గది, అదే మంచం. పాత ఫోన్‌ల సిమ్ వేసి రెండు నిమిషాలు ఆగు. సెట్టింగ్స్‌ల 'అబౌట్ ఫోన్'కు పోయి, స్టేటస్ లోపల సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్ అంకె ఒకటి కనబడ్తది. అది రాసుకో. తర్వాత సిమ్ కొత్త ఫోన్‌ల వేసి మల్ల చూడు. మైనస్ 85 అంటే మంచిగున్నట్టు. మైనస్ 100 అంటే నడుస్తది. మైనస్ 115 దాటిందంటే కాల్ ఎప్పుడు తెగుతదో చెప్పలేం. గీతలను మాత్రం నమ్మకు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపియ్యాల్నో ఫోన్ కంపెనీ తన ఇష్టం కొద్దీ పెట్టుకుంటది. ఒకే టవర్ కింద ఒక ఫోన్ నాలుగు గీతలు, ఇంకోటి రెండు చూపిస్తది. అంకె చూస్తే రెండింట్లనూ దగ్గరదగ్గరగనే ఉండొచ్చు.

రెండు ఫోన్లల్ల అంకె దగ్గరదగ్గరగ ఉంటే తప్పు ఫోన్‌ది కాదు. పాతదాంట్ల మైనస్ 100, కొత్తదాంట్ల ఏమీ లేకపోతేనే ఫోన్ మీద అనుమానపడాలె. అప్పుడు కూడా ముందు ఒక్క సెట్టింగ్ మార్చి చూడు: సిమ్ సెట్టింగ్స్‌ల ప్రిఫర్డ్ నెట్‌వర్క్ '5జీ ఆటో' అని ఉంటే 4జీకి దించు. ఊర్లో ఉన్నన్ని రోజులు గట్లనే ఉంచు. నా దగ్గరికి వచ్చినోళ్లల్ల చానామందికి కథ ఇక్కడనే ముగిసింది. ఎందుకంటే అంచున పల్చగ తగిలే 5జీని పట్టుకుందామని కొత్త ఫోన్ ఊకె ఎగబడ్తుంటది. అది దొరకదు, ఉన్న 4జీ చెయ్యి జారుతది, బ్యాటరీ సాయంత్రానికి ఖతం. పాత ఫోన్‌కు 5జీ అంటే ఏందో తెల్వదు కాబట్టి దొరికిన 4జీ పట్టుకొని కూసుంటది.

ఇప్పుడు అసలు ముచ్చట, బ్యాండ్లు. బ్యాండ్ అంటే టవర్ సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీ వరుస, దాన్ని మెగాహెర్ట్జ్‌ల లెక్కల చెప్తరు.

మీ గల్లీల పెండ్లి బరాత్ పోతుందనుకో. డీజే పక్కన నిలబడ్డోనికి పాట, మాట, సన్నాయి అన్నీ వినబడ్తయి. నువ్వు ఇంట్ల తలుపు పెట్టుకొని పండుకుంటే నీ దాకా వచ్చేది ఒక్క 'దుం దుం'. సన్నటి శబ్దాన్ని గోడ ఆపేస్తది, లావు శబ్దం గోడ దాటుకొని వస్తది. టవర్ సిగ్నల్ కూడా గట్లనే. 700, 850, 900 మెగాహెర్ట్జ్‌లు లావు రకం: దూరం పోతయి, గోడ దాటుతయి, కానీ ఒకేసారి ఎక్కువ డేటా మోయలేవు. 2300, 3500 సన్న రకం: వేగం మస్తు, గోడ అడ్డమొస్తే ఆగిపోతయి. 1800, 2100 నడిమివి. హన్మకొండల అడుగడుగుకు టవర్ ఉంటది కాబట్టి సన్న రకం కూడా సరిపోతది. మీ దిక్కు అడవి, టవర్ ఎన్ని కిలోమీటర్ల అవతలనో ఉంటది. అక్కడ నిన్ను ఆదుకునేది లావు రకమే. కాబట్టి నీ కంపెనీకి ఆ ఊర్లో తక్కువ బ్యాండ్ ఉన్నదా, నీ ఫోన్‌ల అదే బ్యాండ్ ఉన్నదా అన్న రెండు సంగతులు తేలాలె.

ఏ కంపెనీది ఏందో నాకు తెలిసినంత చెప్త. ఒక మాట ముందుగాల: రాష్ట్రం వేరై ఇన్నేండ్లైనా టెలికాం లెక్కల్ల మనం ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లనే ఉన్నం. కస్టమర్ కేర్ వాళ్లు 'ఏపీ సర్కిల్' అంటే కోపానికి రాకు.

జియో 2016 సెప్టెంబర్‌ల మొదలైన రోజు నుంచి 4జీ మీదనే ఉన్నది. 2జీ లేదు, 3జీ లేదు. 4జీకి 850, 1800, 2300 వాడుతది. 5జీకి 700, 3500. 700 మెగాహెర్ట్జ్‌ను 2022 వేలంల కొన్నది. ఫోన్ల భాషల దాన్ని ఎన్28 అంటరు, 3500ను ఎన్78. వీళ్ల 5జీ స్టాండలోన్ రకం, అంటే 4జీ మీద ఆనుకోకుండ తన కాళ్ల మీద తాను నిలబడ్తది. నీ ఫోన్‌ల ఎన్28 లేకుంటే మీ ఊర్లో జియో 5జీ దాదాపు లేనట్టే, 3500 ఆ అడవుల అంత దూరం రాదు.

ఎయిర్‌టెల్ 4జీకి 900, 1800, 2100, 2300 వాడుతది. 2జీ ఇంకా నడిపిస్తుంది. దీని 5జీ మొదటి నుంచి ఎక్కువగ 4జీకి తగిలిచ్చి నడిచే రకం: 4జీ అందని చోట 5జీ కూడా అందదు. ఊర్లో ముసలోళ్ల కీప్యాడ్ ఫోన్లు ఉన్నయంటే ఆ 2జీ విలువ అప్పుడు తెలుస్తది. పాకాల దిక్కు నుంచి ఒక రైతు వచ్చిండు, పాత కీప్యాడ్ ఫోన్‌ల జియో సిమ్ వేసి 'ఫోన్ చెడిపోయింది, బాగుచెయ్' అన్నడు. ఫోన్ చెడిపోలే. అది 2జీ ఫోన్, ఆ సిమ్‌కు 2జీనే లేదు. 4జీ ఉన్న కీప్యాడ్ ఫోన్ కొనుక్కో అని చెప్పి పంపిన.

బీఎస్ఎన్ఎల్ గురించి నవ్వకు. 2025 సెప్టెంబర్ 27న స్వదేశీ పరికరాలతో 4జీని దేశమంతా అధికారికంగ మొదలుపెట్టిండ్రు. దానికంటే ముందే 2022ల కేంద్రం సిగ్నల్ లేని ఊర్లకు 4జీ ఇయ్యడానికి 26,316 కోట్ల పథకం ఒప్పుకున్నది, ఆ పని బీఎస్ఎన్ఎల్‌కే అప్పజెప్పింది. ఏజెన్సీ గూడేలల్ల కొన్ని చోట్ల దాని టవర్ తప్ప ఇంకోటి నేను చూడలే. మెలిక ఎక్కడున్నదంటే, బీఎస్ఎన్ఎల్ 4జీ 700ల, 2100ల వస్తది. 700ను 4జీల బ్యాండ్ 28 అంటరు. ఐదారేండ్ల కింద మన దగ్గర ఆ బ్యాండ్‌ను వాడేటోళ్లే లేరు, అందుకని అప్పటి చానా ఫోన్లల్ల కంపెనీలు దాన్ని పెట్టనే లేదు. సిమ్ 4జీది, టవర్ 4జీది, ఫోన్ కూడా 4జీదే, అయినా 4జీ రాదు! జనం బీఎస్ఎన్ఎల్‌ను తిడుతరు. నీ కొత్త 5జీ ఫోన్‌ల బ్యాండ్ 28 ఉండొచ్చు. డబ్బా మీద మోడల్ నంబర్ చూసి, కంపెనీ వెబ్‌సైట్‌ల ఆ మోడల్‌కు ఎదురుగ ఉన్న బ్యాండ్ల వరుస చదువు. మోడల్ పేరు ఒకటే అయినా ఒక్కో దేశానికి వేరే నంబర్ ఉంటది, బ్యాండ్లు మారుతయి. కాబట్టి పేరు కాదు, నంబర్ చూడు.

వీఐ (వొడాఫోన్ ఐడియా) సిమ్‌తోటి మీ దిక్కు నుంచి నా దగ్గరికి వచ్చినోళ్లు తక్కువ. దాని మీద నేను తీర్పు చెప్ప.

సిమ్ మార్చాలనుకుంటే మాటలు నమ్మి మార్చకు. ఊర్లో మూడు ఇండ్లకు పో, మూడు కంపెనీల ఫోన్లు తీసుకొని నీ మంచం దగ్గరనే అంకెలు చూడు. పొద్దుగాల ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. రాత్రి అంకె మంచిగనే ఉండి నెట్ పాకుతుందంటే సిగ్నల్‌ది తప్పు కాదు, టవర్ మీద జనం ఎక్కువైండ్రు. మేడారం జాతర నాలుగు రోజులు గదే జరుగుతది. తాత్కాలిక టవర్లు ఎన్ని పెట్టినా గీతలు నిండుగుంటయి, వాట్సాప్‌ల ఫొటో మాత్రం పోదు. టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ నిబంధనతోటి 2025 నుంచి కంపెనీలు తమ వెబ్‌సైట్లల్ల కవరేజీ మ్యాపులు పెడుతున్నయి, అవి కూడా చూడు. కాకపోతే ఆ రంగు మీ వాకిట్ల దాకనే అనుకో, ఇంటి లోపలికి కాదు.

ఇల్లు అంటే గుర్తొచ్చింది. మీది ఇనుప రేకుల ఇల్లా? రేకు సిగ్నల్‌ను వెనక్కి కొడుతది. సిమెంటు రేకులు, పెంకులు అంతగ ఆపవు. స్లాబు ఆపుతది కానీ కిటికీల నుంచి కొంత వస్తది. ఊర్లో ఫైబర్ నెట్ పెట్టిచ్చుకుంటే వైఫై కాలింగ్ ఆన్ చెయ్. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్ నుంచి, జియో 2020 జనవరి నుంచి ఇస్తున్నయి, అదనంగ పైసలు తీసుకోవు. ఆన్‌లైన్‌ల అమ్మే సిగ్నల్ బూస్టర్ డబ్బాలు మాత్రం కొనకు. ఇంట్ల బిగిచ్చుకునుడు చట్టం ఒప్పుకోదు, పైగా పక్కింటోళ్ల సిగ్నల్ చెడగొడుతది.

ఫోన్లల్ల మారిన సామాను సంగతి. బ్యాటరీ ఊడదీసే కాలం పోయింది. ఇయర్‌ఫోన్ రంధ్రం ఖరీదైన వాటిల్ల పోయింది, దాంతోటి చానావాటిల్ల ఎఫ్‌ఎం రేడియో కూడా పోయింది, ఎందుకంటే ఆ ఇయర్‌ఫోన్ వైరే దానికి యాంటెన్నా. మెమొరీ కార్డు జాగా పోతుంది. ఇవన్నీ సిగ్నల్‌కు సంబంధం లేనివి, వదిలెయ్. సంబంధం ఉన్నది ఒకటే: యాంటెన్నా. ఇప్పుడు చానా ఫోన్లల్ల చుట్టూ ఉండే లోహపు అంచే యాంటెన్నా, నడుమ సన్నటి ప్లాస్టిక్ గీతలు కనబడ్తయే, అవి ఆ ముక్కలను విడదీసేటివి. దాని మీద లోహపు కవర్ గాని, వెనక అయస్కాంతపు స్టాండ్ గాని తగిలిస్తే సిగ్నల్ తగ్గుతది. పరీక్ష చేసేటప్పుడు కవర్ తీసెయ్. ప్లాస్టిక్ వెనకభాగం ఉన్న చవక ఫోన్‌ను చూసి చిన్నచూపు వద్దు, సిగ్నల్ విషయంల ప్లాస్టిక్ అడ్డం రాదు.

ఇంకోటి, నీ ఫోన్ ఎప్పుడన్నా తెరిపిచ్చినవా? పరకాల నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఎక్కడనో బ్యాటరీ మార్పిచ్చుకున్నది, ఆ రోజు నుంచి సిగ్నల్ సగం. 'నెట్‌వర్క్ ఐసీ పోయింది, మూడు వేలైతది' అన్నరట అక్కడ, ఐసీ అంటే బోర్డు మీది చిప్పు. నేను వెనకభాగం వేడి చేసి తీసి చూస్తే, మెయిన్ బోర్డు నుంచి కింది చార్జింగ్ బోర్డుకు పోయే సన్నటి యాంటెన్నా వైరు, దాని టోపీ సరిగ నొక్కలే. గోరుతోటి నొక్కిన, టక్కుమన్నది. మైనస్ 112 ఉన్నది మైనస్ 94కు వచ్చింది. ఐసీ పోవుడు నిజంగనే ఉంటది, నీళ్లల్ల పడ్డ ఫోన్లల్ల చానా చూసిన. కానీ ఐసీ అన్న మాట వినబడంగనే వైరు చూసిండ్రా అని ఒకసారి అడుగు.

ఇగ బావ ఐఫోన్. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు గల్ఫ్‌ల ఉన్నోళ్లు తెచ్చే ఫోన్ల గురించి ఈ ప్రశ్న ఈమధ్య రోజూ వస్తుంది. అమెరికాల అమ్మే ఐఫోన్లకు 2022ల ఐఫోన్ 14 తోటే సిమ్ ట్రే తీసేసిండ్రు. 2025ల ఐఫోన్ 17 నుంచి ఖతార్, సౌదీ, యూఏఈ, కువైట్, ఒమన్, బహ్రెయిన్ కూడా ఆ జాబితాల చేరినయి. ఇక్కడ ఇండియాల కొంటే ట్రే ఉంటది, ఒక్క ఐఫోన్ ఎయిర్‌కే ఎక్కడ కొన్నా ఉండదు. ట్రే తీసేసిన 17 ప్రోల ఆ జాగా బ్యాటరీకి ఇచ్చిండ్రు, కాబట్టి లాభం లేదని అన. బ్యాండ్ల భయం కూడా పెట్టుకోకు, మన దగ్గర నడిచే తక్కువ బ్యాండ్లు దాంట్ల ఉన్నయి.

భయం ఇంకో దగ్గర ఉన్నది. మామూలు సిమ్ అంటే, ఫోన్ బావిల పడ్డా, కింద పడి పగిలినా పిన్ను పెట్టి తీసి అమ్మ ఫోన్‌ల వేసుకుంటవ్. ఐదు నిమిషాల పని. ట్రే లేని ఫోన్‌ల నడిచేది ఈసిమ్, అంటే ఫోన్ లోపలనే అతికి ఉన్న చిప్పులకు నంబర్ ఎక్కించుకునుడు. దాన్ని తీయలేవ్. ఫోన్ చచ్చిపోతే ఆధార్ పట్టుకొని కంపెనీ స్టోర్‌కు పోవాలె, ఏటూరునాగారం నుంచి అంటే అది దాదాపు హన్మకొండ ప్రయాణమే. పోయి కొత్తది తీసుకున్నా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు బంద్. మోసగాళ్లు సిమ్ మార్చి ఓటీపీలు కొట్టేయకుండ పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ ఆ రోజు నీకు కూడా బ్యాంకు ఓటీపీ రాదు. దవాఖానల పైసలు కట్టాల్సిన రోజు గట్లైతే? కాటారం దిక్కు పిలగానికి నిజంగ గట్లనే అయింది. వాళ్ల నాయిన దవాఖానల ఉన్నడు, ఫోన్ డిస్‌ప్లే పోయింది, నంబర్ ఈసిమ్‌ల ఉన్నది. డిస్‌ప్లే దొరికేదాకా నా షాపుల కూసుండి ఏడుపొక్కటే తక్కువ. అందుకే చెప్తున్న: బ్యాంకు నంబర్ మామూలు సిమ్‌గ నీ ఇప్పటి ఫోన్‌ల ఉండనియ్, ఐఫోన్‌ల రెండో నంబర్ ఈసిమ్‌గ వేసుకో.

ఈసిమ్‌కు మారేటప్పుడు కంపెనీ సొంత యాప్‌ల నువ్వే చెయ్, లేకపోతే స్టోర్‌కు పో. 'మీ సిమ్‌ను ఈసిమ్ చేస్తం, వచ్చిన మెసేజ్‌కు ఊ కొట్టండి' అని ఎవడన్నా ఫోన్ చేస్తే వాడు నీ నంబర్‌ను తన ఫోన్‌లకు గుంజుకుంటుండు అని తెలుసుకో.

బావకు ఒక్క పని చెప్పు: ఫోన్ కొన్న దుకాణంలనే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌కు పోయి కింద క్యారియర్ లాక్ దగ్గర 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉన్నదా చూడమను. గల్ఫ్‌ల రొక్కం పెట్టి కొన్నవాటితోటి నాకు ఇబ్బంది ఎదురుకాలే. అమెరికా నుంచి వచ్చేవాటితోటే తంటా. కాజీపేటల ఒకాయనకు కొడుకు డాలస్ నుంచి వాయిదాల మీద కొన్న, సిమ్ ట్రే ఉన్న పాత మోడల్ ఫోన్ పంపిండు. అక్కడి కంపెనీ తాళం పడి ఉన్నది, ఇక్కడి సిమ్ ఏది వేసినా ఒప్పుకోలే. ఎవరో సిమ్ కింద పల్చటి చిప్పు పెట్టి నడిపిచ్చి పైసలు తీసుకున్నరు, నెల తిరిగేసరికి అప్‌డేట్ వచ్చి మల్ల మొదటికి. తాళం తీసేది తాళం వేసిన కంపెనీనే, వాయిదాలు కట్టినంక. విదేశీ ఆండ్రాయిడ్ అయితే ఇంకో చిక్కు: మన కంపెనీల వోల్టీ (4జీ మీదనే కాల్ మాట్లాడే ఏర్పాటు) సెట్టింగ్ దాంట్ల లేకపోతే నెట్ వస్తది, జియోల కాల్ మాత్రం రాదు, ఎందుకంటే కింద పడి నిలవడానికి జియోకు 2జీ లేదు.

చివరికి సిమ్ మార్చుడే అని తేలితే, అదే నంబర్‌తోటి వేరే కంపెనీకి మారొచ్చు, దాన్నే పోర్ట్ అంటరు: పోర్ట్ అని ఇంగ్లీషుల రాసి, జాగా విడిచి, నీ పది అంకెల నంబర్ కొట్టి 1900కు పంపు. వచ్చిన కోడ్ నాలుగు రోజులే పనిచేస్తది. ఇప్పుడున్న కంపెనీల చేరి 90 రోజులు నిండి ఉండాలె. ఈలోపల పోయిన సిమ్‌కు బదులు కొత్తది తీసుకుంటే ఏడు రోజులు ఆగాలె, 2024 జూలై నుంచి వచ్చిన నిబంధన ఇది. కాబట్టి ఈసిమ్ మార్పు, పోర్ట్ రెండూ ఒక్క వారంల పెట్టుకోకు.

ఈ శనివారం ఊరికి పోతవనుకుంటున్న. మంచం దగ్గర అంకె, వాకిట్ల అంకె, రెండు ఫోన్లవీ రాసుకొచ్చి ఇక్కడ పెట్టు. కొత్త ఫోన్ మోడల్ నంబర్ కూడా, డబ్బా మీద ఎట్లున్నదో గట్లనే. ఇంటి కప్పు రేకుదో స్లాబుదో మర్చిపోకుండ రాయి.